మార్కసైట్ ఆభరణాలు

మార్కసైట్ ఆభరణాలు అనగా లోహపు మెరుపు గల చిన్న చిన్న రాళ్ళను వెండిలో దగ్గరదగ్గరగా పొదిగి తయారుచేసే నగలు. ఈ రాళ్ళు సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటాయి. ఉంగరాలు, కమ్మలు, పతకాలు, కంకణాలు, బ్రోచ్‌లు (దుస్తులకు గుచ్చుకొనే అలంకార పిన్నులు), స్త్రీల చేతి గడియారాలు ఈ పద్ధతిలో ఎక్కువగా తయారవుతాయి. వీటికి వాడే లోహం చాలావరకు నూటికి 92.5 పాళ్ళు శుద్ధమైన వెండి గల స్టెర్లింగ్ వెండి. ఐరోపాలో 18వ శతాబ్దంలో వజ్రాలకు బదులుగా వాడుకలోకి వచ్చిన ఈ నగలు 1920, 1930 దశకాలలో ఆర్ట్ డెకో శైలితో మిక్కిలి ఆదరణ పొందినవి. నేడు దుకాణాలలో 'వింటేజ్' పేరుతో కనిపించే మార్కసైట్ నగలలో అనేకం ఆ కాలపు నమూనాలను అనుసరించి కొత్తగా చేసినవే.

ఈ నగలలో ఉండే రాయి ఖనిజశాస్త్రం ప్రకారం మార్కసైట్ కాదు. అది పైరైట్ అనే వేరొక ఖనిజం. అసలు మార్కసైట్ ఖనిజం గాలి తగిలితే కాలక్రమంలో పొడి అయిపోతుంది కనుక నగలకు పనికిరాదు. అయినను నగల వర్తకులు ఈ పేరును వాడటం మోసం కాదు. ఈ పదాన్ని నగల పనివారు పాత అర్థంలోను, శాస్త్రజ్ఞులు 1845 తరువాత వచ్చిన కొత్త అర్థంలోను వాడుతూ ఉండటమే ఈ తికమకకు కారణం.

పేరు

మార్కసైట్ అనే మాటకు మూలం అరబ్బీ భాషలోని 'మర్కషీషా' అనే పదం. పసుపు లేక తెలుపు రంగులో లోహంలా మెరిసే గంధకపు ఖనిజాలను మధ్యయుగపు అరబ్బు రసవాదులు ఈ పేరుతో వ్యవహరించారు. 9, 10 శతాబ్దాల నాటి ప్రసిద్ధ వైద్యుడు, రసవాది అల్ రాజీ తన గ్రంథాలలో ఖనిజాలను వర్గీకరించినపుడు మర్కషీషాను రాళ్ళ వర్గంలో చేర్చాడు. ఆ పదం లాటిన్ ద్వారా ఐరోపా భాషలలోకి ప్రవేశించినది. చాలాకాలం వరకు పైరైటును, దానిని పోలిన ఇతర ఖనిజాలను కలిపి మార్కసైట్ అనేవారు. నగలలో పొదిగే రాయికి ఆ పేరు అప్పుడే స్థిరపడినది.

ఆస్ట్రియాకు చెందిన ఖనిజశాస్త్రవేత్త విల్‌హెల్మ్ హైడింగర్ 1845లో మార్కసైట్ అనే పేరును ఒక ప్రత్యేకమైన ఖనిజానికి మాత్రమే పరిమితం చేశాడు. అప్పటికి నగల వ్యాపారంలో ఆ పేరు పాతబడినది కనుక వర్తకులు దానిని మార్చుకోలేదు. అనగా శాస్త్రీయమైన అర్థం కంటె నగల పనివారి అర్థమే పాతది.

పైరైట్ అనే పేరు గ్రీకు భాషలో నిప్పు అనే అర్థమిచ్చే పదం నుండి వచ్చినది. ఈ రాయిని ఉక్కుతో కొట్టినపుడు నిప్పురవ్వలు లేస్తాయి. 16వ శతాబ్దపు ఐరోపాలో వాడిన కొన్ని తుపాకులలో మందు అంటుకొనుటకు పైరైట్ ముక్కనే అమర్చేవారు. బంగారాన్ని తలపించే దీని రంగు వలన 'మూర్ఖుల బంగారం' అనే పేరు కూడా వచ్చినది.

భారతీయ రసశాస్త్రంలోను ఇటువంటి ఖనిజాలకు స్థానం ఉన్నది. రసరత్నసముచ్చయంలో చెప్పబడిన మహారసాలలో మాక్షికం, విమలం అనేవి రెండు. వీటిలో మాక్షికాన్ని రాగి, ఇనుము, గంధకం గల చాల్కోపైరైట్‌గాను, విమలాన్ని పైరైట్‌గాను ఆధునిక పండితులు పలువురు గుర్తిస్తున్నారు.

పైరైట్, మార్కసైట్ ఖనిజాల మధ్య భేదం

పైరైట్, మార్కసైట్ రెండింటి రసాయనిక సంఘటనం ఒక్కటే. రెండింటిలోను ఒక ఇనుము పరమాణువుకు రెండు గంధకపు పరమాణువులు ఉంటాయి. ఈ సమ్మేళనాన్ని ఐరన్ డైసల్ఫైడ్ అంటారు. భేదమంతా పరమాణువుల అమరికలో ఉన్నది. వజ్రం, గ్రాఫైట్ రెండూ కర్బనమే అయినను అమరికలోని భేదం వలన ఒకటి అత్యంత కఠినంగాను, మరొకటి కాగితంపై గీత పడేటంత మెత్తగాను ఉంటాయి. పైరైట్, మార్కసైట్‌ల సంగతి కూడ ఇటువంటిదే.

పైరైట్ స్ఫటికాలు ఘనాకార వర్గానికి చెందినవి. ప్రకృతిలో ఇవి పాచికల వలె చక్కని ఘనాలుగాను, పన్నెండు పలకల ఆకారంలోను లభిస్తాయి. స్పెయిన్ దేశంలోని నవహూన్ అనే ఊరిలో దొరికే పైరైట్ ఘనాలు ఎవరో యంత్రంతో కోసినంత తీరుగా ఉంటాయి. మార్కసైట్ స్ఫటికాలు ఆర్థోరాంబిక్ వర్గానికి చెందినవి. ఇవి బల్లెపు మొనల వలెను, కోడిజుట్టు వలెను గుంపుగా పెరుగుతాయి.

రెండింటి కఠినత్వం మోహ్స్ కొలమానంపై 6 నుండి 6.5 వరకు ఉంటుంది. సాపేక్ష సాంద్రత పైరైటుకు సుమారు 5.0, మార్కసైటుకు సుమారు 4.9. పైరైట్ లేత ఇత్తడి రంగులో ఉంటుంది. మార్కసైట్ దానికంటె పాలిపోయి, అప్పుడే విరిచిన చోట తగరపు తెలుపులో కనిపిస్తుంది. సానబట్టని పింగాణి పలకపై రుద్దినపుడు పైరైట్ ఆకుపచ్చ ఛాయ గల నల్లని గీతను ఇస్తుంది. బంగారమైతే పసుపు గీత పడుతుంది. బంగారానికి, మూర్ఖుల బంగారానికి గల భేదాన్ని తెలుసుకొనుటకు పాఠశాలలో కూడ చేయదగిన పరీక్ష ఇది.

ఎక్స్‌కిరణాల సాయంతో తొలినాళ్ళలో నిర్మాణం కనుగొనబడిన స్ఫటికాలలో పైరైట్ ఒకటి. విలియం లారెన్స్ బ్రాగ్ ఈ పనిని 1913-14 కాలంలో చేశాడు. మార్కసైట్ నిర్మాణాన్ని మార్టిన్ బ్యూర్గర్ 1931లో నిర్ణయించాడు.

అసలు మార్కసైట్ నగలకు పనికిరాకపోవుటకు కారణం

మార్కసైట్ ఖనిజంలోని పరమాణువుల అమరిక పైరైట్ అమరికంత స్థిరమైనది కాదు. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ దాటి వేడిచేసినచో అది క్రమంగా పైరైట్‌గా మారిపోతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద కూడ తేమ గల గాలిలో ఉన్న మార్కసైట్ ఆమ్లజనితో కలిసి నెమ్మదిగా శిథిలమవుతుంది. దాని ఫలితంగా ఐరన్ సల్ఫేట్, అనగా మన పాత పుస్తకాలలో అన్నభేది అని చెప్పబడే లవణం, దానితోపాటు గంధకికామ్లం ఏర్పడతాయి. తళతళలాడే రాయి మీద తెల్లని పొడి పేరుకొని, పగుళ్ళు వచ్చి, చివరకు మొత్తం ముక్కలవుతుంది.

ఈ సమస్య మ్యూజియంలలో అందరికీ తెలిసినదే. సొరుగులో ఉంచిన మార్కసైట్ నమూనా నుండి వెలువడిన ఆమ్లం దాని క్రింది అట్టపెట్టెను, పేరు వ్రాసిన చీటీని కూడ తినివేస్తుంది. అందుచేత ఇటువంటి నమూనాలను తేమ తక్కువగా ఉండే చోట భద్రపరుస్తారు. పైరైటులో కూడ సన్నని రేణువులతో ఏర్పడిన రకాలకు ఈ జబ్బు వస్తుంది. గట్టిగా, చిక్కగా పెరిగిన పైరైట్ స్ఫటికాలు మాత్రం చిరకాలం నిలుస్తాయి. నగల కొరకు ఎన్నుకొనేది ఈ రకాన్నే. రెండు వందల సంవత్సరాల క్రిందటి మార్కసైట్ నగలు నేటికీ మెరుస్తూ ఉండటమే వాటిలో ఉన్నది పైరైట్ అనుటకు ఒక నిదర్శనం.

చరిత్ర

పైరైటును అలంకారానికి వాడటం చాలా పాత ఆచారం. మధ్య అమెరికాలోని మాయా, టియోటివాకాన్ నాగరికతల ప్రజలు పైరైట్ పలకలను నునుపుచేసి, ఒకదాని ప్రక్కన ఒకటి పలకరాతిపై అతికించి అద్దాలు తయారుచేసేవారు. దక్షిణ అమెరికాలో పైరైటుకు 'ఇంకాల రాయి' అనే పేరు ఉన్నది.

మార్కసైట్ నగలు ఐరోపాలో వ్యాపించినది 18వ శతాబ్దంలో. ఆ శతాబ్దపు తొలి దశకాల వరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుండే లభించేవి. వాటిలో పేరెన్నికగన్నవి కృష్ణానదీ తీరంలోని కొల్లూరు మొదలైన గోల్కొండ రాజ్యపు గనులలో దొరికినవి. 1720 దశకంలో బ్రెజిల్ దేశంలో వజ్రాలు బయటపడిన తరువాత సరఫరా పెరిగినను, వజ్రపు నగ ధనవంతులకు మాత్రమే అందుబాటులో ఉండేది. దానివంటి మెరుపును తక్కువ ఖర్చుతో పొందవలెననే కోరిక నుండి మూడు రకాల నగలు అభివృద్ధి చెందినవి.

మొదటిది గాజు రాళ్ళు. పారిస్‌లో పనిచేసిన జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ (1701-1773) సీసం కలిపిన గాజుతో వజ్రాలను పోలిన రాళ్ళను తయారుచేసి పేరు పొందాడు. రెండవది సానబట్టిన ఉక్కు. ఇంగ్లండులో వుడ్‌స్టాక్ పట్టణం, తరువాత బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ కర్మాగారం దీనికి ప్రసిద్ధి. మూడవది మార్కసైట్. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ దేశాలలో, ముఖ్యంగా ఆ రెండింటి మధ్యనున్న జూరా పర్వత ప్రాంతంలో, పైరైటును సానబట్టే వృత్తి సాగినది. ఆనాటి పురుషుల బూట్ల బకిళ్ళు, కోటు గుండీలు, స్త్రీల ఉంగరాలు, కమ్మలు, జడపిన్నులు ఈ రాళ్ళతో అలంకరించబడేవి. విద్యుద్దీపాలు లేని ఆ రోజులలో కొవ్వొత్తి కదలినపుడల్లా వందల పలకలు ఒక్కసారిగా తళుక్కుమనటం వీటి ఆకర్షణ. 19వ శతాబ్దంలో కూడ ఐరోపాలో వీటి వాడకం కొనసాగినది.

ఆర్ట్ డెకో కాలం

20వ శతాబ్దపు తొలి దశకాలలో ధనవంతుల నగలలో ప్లాటినం, వజ్రాల జోడింపు వాడుకలోకి వచ్చినది. తెల్లని లోహంలో తెల్లని రాళ్ళు, తీగల వంపులకు బదులుగా త్రిభుజాలు, మెట్లు, విసనకర్రలు, సూటి గీతలు ఆనాటి అభిరుచి. 1925లో పారిస్ నగరంలో జరిగిన అలంకార కళల అంతర్జాతీయ ప్రదర్శన ఈ శైలిని లోకమంతటా వ్యాపింపజేసినది. ఆర్ట్ డెకో అనే పేరు ఆ ప్రదర్శన పేరు నుండి వచ్చినదే. 1922లో ఈజిప్టులో టూటన్‌ఖామెన్ సమాధి బయటపడిన తరువాత తామరలు, పేడపురుగులు వంటి ఈజిప్టు చిహ్నాలు కూడ నగలలోకి ప్రవేశించినవి.

ప్లాటినం స్థానంలో వెండిని, వజ్రం స్థానంలో మార్కసైటును ఉంచినచో దాదాపు అదే రూపం మధ్యతరగతి వారికి అందే ధరలో లభించినది. జర్మనీలోని ఫార్జ్‌హైమ్ పట్టణం ఈ తయారీకి ముఖ్యకేంద్రం. అక్కడ నగల, గడియారాల పరిశ్రమ 1767లో బాడెన్ పాలకుడు కార్ల్ ఫ్రెడరిక్ ఆదరణతో ఒక అనాథాశ్రమంలో మొదలైనది. ఆ పట్టణానికి చెందిన థియోడర్ ఫార్నర్ 1919లో మరణించిన తరువాత అతని సంస్థను గుస్తావ్ బ్రెండ్లే తీసుకొన్నాడు. మార్కసైట్‌తో పాటు నల్లని ఓనిక్స్, ఎర్రని పగడం, ఆకుపచ్చని అమెజొనైట్ వంటి రాళ్ళను కలిపి ఆ సంస్థ తయారుచేసిన నగలు నేడు సేకరణకర్తలు విశేషంగా వెదకే వస్తువులు. 1945 ఫిబ్రవరి 23న జరిగిన విమానదాడిలో ఫార్జ్‌హైమ్ పట్టణంలో అధికభాగం నాశనమైనది. యుద్ధానంతరం పట్టణాన్ని, పరిశ్రమను పునర్నిర్మించారు. ఫార్నర్ సంస్థ 1979 వరకు కొనసాగినది. ఆ పట్టణంలోని ఆభరణాల మ్యూజియంలో ఈ కాలపు నగలను చూడవచ్చును.

20వ శతాబ్దపు చివరి దశాబ్దాలలో పాత శైలి నగలపై మరల ఆసక్తి కలిగినది. అప్పటి నుండి వీటి తయారీలో థాయిలాండ్ ప్రముఖ స్థానం సంపాదించినది. ఆస్ట్రియాకు చెందిన స్వరోవ్‌స్కీ సంస్థ యంత్రాలపై సమానంగా కోసిన మార్కసైట్ రాళ్ళను నగల తయారీదారులకు అందించినది.

తయారీ విధానం

రాయిని సానబట్టుట: వజ్రం పారదర్శకమైనది. దానిలోకి ప్రవేశించిన కాంతి లోపలి పలకలపై పరావర్తనం చెంది తిరిగి పైకి వస్తుంది. అందువలన వజ్రానికి క్రింది భాగాన్ని కూడ లెక్క ప్రకారం కోయవలసి ఉంటుంది. పైరైట్ అపారదర్శకం. కాంతి దాని లోపలికి పోదు. పై పలకల మీద పడిన వెలుగు మాత్రమే అద్దం నుండి వలె తిరిగివస్తుంది. కనుక ఈ రాయికి అడుగున పలకలు అవసరం లేదు. అడుగు చదునుగా ఉంచి, పైభాగాన్ని చిన్న గోపురం వలె ఆరు పలకలుగా సానబట్టటం పాత పద్ధతి. ఆధునిక యంత్రాలతో ఇంతకంటె ఎక్కువ పలకలు కూడ కోస్తున్నారు. పైరైట్ పెళుసు ఖనిజం కనుక ఈ పనిలో చాలా ముక్కలు వృథా అవుతాయి.

వెండి: శుద్ధమైన వెండి చాలా మెత్తగా ఉంటుంది. చిన్న రాళ్ళను పట్టి ఉంచే సన్నని అంచులు దానితో చేసినచో త్వరగా వంగిపోతాయి. అందుచేత 1000 పాళ్ళలో 925 పాళ్ళు వెండికి 75 పాళ్ళు ఇతర లోహాన్ని, సాధారణంగా రాగిని, కలుపుతారు. ఇదే స్టెర్లింగ్ వెండి. జర్మనీలో తయారైన పాత నగలలో 800, 835 పాళ్ళ వెండి కూడ కనిపిస్తుంది.

పోత: నేటి నగలకు మొదట మైనంతో నమూనా చేస్తారు. దానిచుట్టూ అచ్చు మట్టి పోసి, గట్టిపడిన తరువాత వేడిచేసి మైనాన్ని కరిగించి తీసివేస్తారు. ఆ ఖాళీలో కరిగిన వెండిని పోస్తారు. రాళ్ళు కూర్చొనుటకు కావలసిన గుంటలు ఈ పోతలోనే వస్తాయి. అతుకులు, టంకం పనులన్నీ పూర్తయిన తరువాతనే రాళ్ళను పొదుగుతారు. పైరైట్ వేడికి గంధకాన్ని వదలి తన మెరుపును కోల్పోవటమే దీనికి కారణం.

పొదుగుట: మంచి పనితనం గల నగలో రాయి చుట్టూ ఉన్న వెండిని సన్నని ఉక్కు ఉలితో లేపి, చిన్న బొడిపెలుగా చేసి, వాటిని రాయి అంచుపైకి నొక్కుతారు. బొడిపెలే రాయిని పట్టి ఉంచుతాయి. ఒక చిన్న బ్రోచ్‌లో కూడ పదుల సంఖ్యలో రాళ్ళు ఉంటాయి కనుక ఇది ఓపికతో కూడిన పని. చౌకరకపు నగలలో రాళ్ళను గుంటలలో జిగురుతో అతికిస్తారు.

నలుపు పట్టించుట: పొదిగిన తరువాత వెండిపై గంధకపు రసాయనాన్ని పూసి నల్లబరచి, పైకి కనబడే భాగాలను మరల మెరుగుపెడతారు. పల్లాలలో మిగిలిన నలుపు వలన రాళ్ళు స్ఫుటంగా కనిపిస్తాయి, కొత్త నగకు పాతదనం వస్తుంది. మన దుకాణాలలో దీనిని 'ఆక్సిడైజ్డ్ సిల్వర్' అంటారు. వాస్తవానికి ఆ నల్లని పొర ఆక్సైడు కాదు, సిల్వర్ సల్ఫైడ్. రాయికి వలెనే ఈ పొరకు కూడ వ్యాపారంలో ఉన్న పేరు ఒకటి, శాస్త్రంలో ఉన్న పేరు మరొకటి.

పాతవి, పాత శైలివి

నగల వ్యాపారంలో సాధారణంగా వంద సంవత్సరాలు దాటిన వస్తువును 'యాంటిక్' అని, అంతకంటె తక్కువ అయినను గడచిన కాలానికి చెందినదని స్పష్టంగా చెప్పదగిన వస్తువును 'వింటేజ్' అని అంటారు. వింటేజ్ అనుటకు ఇరవై సంవత్సరాలైనా గడచి ఉండవలెనని పలువురు భావిస్తారు. 'వింటేజ్ శైలి' అనగా పాత నమూనాతో కొత్తగా చేసినది. మూడవ రకాన్ని కొనటంలో తప్పు లేదు. దానిని రెండవ రకం ధరకు కొనటమే నష్టం.

పాతదనాన్ని తెలుసుకొనుటకు నగ వెనుకవైపు చూడటం మంచిది. పాత నగలలో వెనుకభాగం కూడ చేతితో చక్కదిద్దబడి ఉంటుంది. బ్రోచ్ పిన్ను, దాని కొక్కెం, కమ్మల తిరుగుడు మరలు ఏ కాలపు పద్ధతిలో ఉన్నవో గమనించవచ్చును. చాలా ఏళ్ళు వాడిన నగలో అంచుల అరుగుదల శరీరానికి, బట్టలకు రాచుకొనే చోట్లలోనే ఉంటుంది. కావాలని నల్లబరచిన కొత్త నగలో నలుపు అన్ని పల్లాలలో ఒకే తీరుగా కనిపిస్తుంది. ఈ గుర్తులలో ఏ ఒక్కటీ స్వయంగా రుజువు కాదు. అన్నింటినీ కలిపి చూడవలెను.

ఇతర వస్తువుల నుండి గుర్తించుట

సానబట్టిన ఉక్కు నగలు దూరం నుండి మార్కసైట్ వలెనే కనబడతాయి. ఉక్కు ముక్కలను ఒక లోహపు పలకకు వెనుకనుండి చీలలు కొట్టి బిగిస్తారు కనుక నగను తిరగవేసినచో వరుసగా చీలల తలలు కనిపిస్తాయి. ఉక్కు అయస్కాంతానికి అంటుకొంటుంది, తుప్పు పడుతుంది. పైరైటులో ఇనుము ఉన్నప్పటికీ సాధారణ అయస్కాంతం దానిని ఆకర్షించదు. వెండిని కూడ ఆకర్షించదు.

లోహపు పూత వేసిన గాజు, ప్లాస్టిక్ ముక్కలను కూడ మార్కసైట్ పేరుతో వాడటం కలదు. భూతద్దంతో చూసినపుడు వీటి పలకల అంచులు మొద్దుగా గుండ్రబడి ఉంటాయి, అరిగిన చోట పూత క్రింది రంగు బయటపడుతుంది. సానబట్టిన పైరైట్ పలకల అంచులు పదునుగా ఉంటాయి.

రాయి సంగతి అటుంచి లోహం సంగతి కూడ గమనించవలసి ఉన్నది. తెలుగువారి ఇండ్లలో పూజాసామగ్రికి, శుభకార్యాలలో ఇచ్చే కానుకలకు వాడుకలో ఉన్న 'జర్మన్ సిల్వర్' రాగి, నికెల్, తుత్తునాగాల మిశ్రమం. దానిలో వెండి ఏ మాత్రమూ ఉండదు. జర్మనీలో తయారైన వెండి నగ వేరు, జర్మన్ సిల్వర్ నగ వేరు. ఇత్తడిపై వెండిపూత పూసిన నగలు కూడ ఉంటాయి. వీటిలో పూత అరిగిన చోట పసుపు రంగు కనిపిస్తుంది.

ముద్రలు

ఇంగ్లండులో వెండి ప్రమాణానికి చట్టబద్ధమైన ముద్ర 1300వ సంవత్సరంలో ఒకటవ ఎడ్వర్డ్ కాలంలో మొదలైనది. నడుస్తున్న సింహపు ముద్ర 1544 నుండి వాడుకలో ఉన్నది. దీనితోపాటు పరీక్షించిన కార్యాలయపు గుర్తు ఉంటుంది. లండనుకు చిరుతపులి తల, బర్మింగ్‌హామ్‌కు లంగరు, ఎడిన్‌బరోకు కోట గుర్తులు. బ్రిటన్‌లో 7.78 గ్రాముల కంటె తక్కువ బరువు గల వెండి వస్తువులకు ముద్ర తప్పనిసరి కాదు. కనుక ముద్ర లేని చిన్న ఉంగరమంతా నకిలీ అని చెప్పరాదు. జర్మనీలో 1884 నాటి చట్టం 1888లో అమలులోకి వచ్చిన తరువాత వెండి వస్తువులపై నెలవంక, కిరీటం గుర్తులతో పాటు 800, 835, 925 వంటి సంఖ్యలు కనిపిస్తాయి. అమెరికాలో 'స్టెర్లింగ్' అనే మాటను లేక 925 సంఖ్యను ముద్రిస్తారు.

భారతదేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) వెండి వస్తువులకు హాల్‌మార్క్ విధానాన్ని 2005లో ప్రారంభించినది. ఆ సంస్థ గుర్తించిన శ్రేణులలో 925 ఒకటి. 2025 సెప్టెంబరు 1 నుండి వెండి నగలకు కూడ ప్రతి నగకు వేరుగా ఉండే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య స్వచ్ఛంద ప్రాతిపదికపై ప్రవేశపెట్టబడినది. 925 అనే అంకెను ఎవరైనా ముద్రించవచ్చును కనుక, ఆ అంకె ఒక్కటే ఉన్న నగకు, అధికారిక హాల్‌మార్క్ గల నగకు భేదం ఉన్నదని కొనుగోలుదారులు గుర్తించవలెను.

విలువ

పైరైట్ భూమిలో సమృద్ధిగా లభించే ఖనిజం. అందుచేత నగలోని రాళ్ళకు విడిగా అమ్మకపు విలువ దాదాపు ఉండదు. మార్కసైట్ నగ విలువ వెండి బరువు, పొదిగిన పనితనం, కాలం, తయారీదారు పేరు, ప్రస్తుత స్థితి అనే ఐదింటిపై ఆధారపడుతుంది.

తూకం విషయంలో ఒక చిన్న లెక్క ఉపయోగపడుతుంది. రాళ్ళతో కలిపి 8 గ్రాములు తూగే పతకంలో రాళ్ళ బరువు 2 గ్రాములు అనుకొన్నచో, స్టెర్లింగ్ వెండి 6 గ్రాములు. దానిలో శుద్ధమైన వెండి 6ను 0.925తో గుణించగా వచ్చే 5.55 గ్రాములు మాత్రమే. అనగా 8 గ్రాములకు వెండి ధర లెక్కకట్టినచో కొనేవారు సుమారు రెండున్నర గ్రాముల వెండిని పొందకుండానే దాని ధర చెల్లించినట్లు అవుతుంది. మరల అమ్మినపుడు రాళ్ళ బరువును తీసివేసి లెక్కకడతారు. మార్కసైట్ నగను పెట్టుబడిగా కాక పనితనం కొరకు కొనటమే తగినది.

జాగ్రత్తలు

మన ఇండ్లలో వెండి సామాను తోముటకు చింతపండు, నిమ్మరసం, విభూతి వాడటం ఆనవాయితీ. కుందులకు, గిన్నెలకు అనువైన ఈ పద్ధతులు మార్కసైట్ నగలకు తగవు. పులుపులోని ఆమ్లం, తడి కలిసి రాతి మెరుపును తగ్గిస్తాయి. విభూతి వంటి పొడులు రాళ్ళ సందులలో చిక్కుకొంటాయి. వెండిని క్షణాలలో తెల్లబరచే ద్రావకాలలో ముంచినచో పల్లాలలోని నలుపు కూడ పోయి నగ రూపమే మారిపోతుంది. నీటిలో నానబెట్టినచో జిగురుతో అతికించిన రాళ్ళు ఊడిపోవచ్చును. ధ్వని తరంగాలతో శుభ్రపరచే యంత్రాలలోను, ఆవిరితోను ఈ నగలను శుభ్రపరచరాదు.

మెత్తని పొడి గుడ్డతో తుడవటం, సందులలోని దుమ్మును మెత్తని కుంచెతో తీయటం సరిపోతుంది. మురికి ఎక్కువైనచో గుడ్డను కొద్దిగా తడిపి తుడిచి, వెంటనే పొడి గుడ్డతో తడి లేకుండా అద్దవలెను. సెంటు, నూనె, తలకు రాసుకొనే ద్రవాలు వాడిన తరువాతనే నగను ధరించటం, చేతులు కడిగేటపుడు, స్నానం చేసేటపుడు ఉంగరాన్ని తీసి ఉంచటం మంచిది. సముద్రతీర పట్టణాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక నగను మూత గట్టిగా పట్టే పెట్టెలో, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి దాచుకోవచ్చును. రబ్బరు నుండి గంధకం వెలువడి వెండిని నల్లబరుస్తుంది కనుక రబ్బరు బ్యాండ్లతో చుట్టి ఉంచరాదు.

రాయి ఊడినచో అదే కొలత గల రాయిని తిరిగి పొదిగించవచ్చును. ఉంగరం కొలత మార్చుటకు లేక విరిగిన కాడ అతుకుటకు ఇచ్చేటపుడు ఇవి పైరైట్ రాళ్ళని, మంట తగలరాదని కంసాలికి ముందుగా చెప్పవలెను. మంటకు దగ్గరలో ఉన్న రాళ్ళను తీసి, పని ముగిసిన తరువాత మరల పొదుగుతారు. వజ్రపు ఉంగరం వలె భావించి నేరుగా మంట పెట్టినచో రాళ్ళు నల్లబడి పాడవుతాయి. ఆ విధంగా పాడైన రాయికి మెరుపు తిరిగి రాదు.